నిద్రపోని బండి

మోటారుసైకిలు మొరాయించింది. అదీ ఎప్పుడు? ఆయాసంతో మంచం దిగలేని ఒక పెద్దాయన దగ్గర రక్తం తీసి, సీసాలు ఐసుపెట్టెలో సర్ది, ఇంకో ఇంటికి వేళ మించిపోతోందని పరుగున వచ్చి ఎక్కి కూచున్నాక. మీట నొక్కితే లోపల ఎక్కడో "టిక్" మంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ "టిక్". తలుపు అవతల ఎవరో ఉండి, పలకకుండా నాలుకతో చప్పుడు చేస్తున్నట్టుంది.

ఆమెను ఆ పేటలన్నిట్లో సూదమ్మ అంటారు. రక్తపరీక్షల లాబులో పని. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, లాబుదాకా రాలేనివాళ్ళ దగ్గరా, సూది అనగానే గోడవైపు మొహం తిప్పుకుని పళ్ళు బిగించే పెద్దమనుషుల దగ్గరా రక్తం తీసి, పెట్టెలో చల్లదనం పోకముందే తెచ్చి ఇవ్వాలి. చెయ్యి తేలికని పేరు. ఆ పేరంతా ఈ బండి చక్రాల మీద నడుస్తోంది. దీనికి కాలితో తన్ని లేపే కిక్కు లేదు. మీట నొక్కితే లేవాలి, లేకపోతే దారినపోయేవాళ్ళ చేత తోయించుకోవాలి.

దారినపోయేవాళ్ళు ఇద్దరు తోశారు. తోసిన పాపానికి సలహా ఇచ్చే హక్కు కూడా సంపాదించుకున్నారు.

"బ్యాటరీ ముసలిదైపోయిందమ్మా. కొత్తది వేయించెయ్."

ఇది కొత్తదేనండీ అని చెప్పడానికి ఆమెకే నామోషీ అయింది. అంతకు ముందుది కూడా నిండా ఏడాది తిరక్కుండానే ఇలాగే నీరుగారిపోతే, భర్త స్వయంగా బండి తీసుకెళ్ళి ఈ రెండోది వేయించుకొచ్చాడు. మరి దీనికేం రోగం?

పని ముగించుకుని ఇంటికి వస్తుంటే, వీధి మొగలో దారికడ్డంగా మనిషి వస్తే బ్రేకు వేసింది, ఇంజను ఆరిపోయింది. అంతే, బండి మళ్ళీ లేవలేదు. దిగి తోసుకుంటూ వచ్చింది. చెమటతో జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. గేటు తీసేసరికి భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెలోంచి గ్లాసులోకి టీ వంచుతున్నాడు. ఆవిరి ఇంకా లేస్తోంది.

ఇది ఆ ఇంట్లో రోజూ ఉండే వైభవమే. ఆమె ఏ వేళకి వచ్చినా టీ అప్పుడే గ్లాసులో పడుతుంది. "మీ ఆయనవి పాముచెవులమ్మా! నీ బండి చప్పుడు మా చెవిన పడేలోపు అక్కడ టీ మరిగిపోతుంది. ఏం నోము నోచుకున్నావో" అని పక్కింటావిడ అసూయపడుతుంది. నిజానికి అసూయపడాల్సిన మొగుడే. సీట్ల మేస్త్రి అంటే ఎవరైనా చెప్తారు. బస్సుల సీట్లు, కుర్చీలు, మోటారుసైకిలు సీట్లు, ఊళ్ళో ఎవరు ఎక్కడ సుఖంగా చేరగిలబడినా ఆ కుట్టు ఈయనదే. ఇన్నేళ్ళ కాపురంలో గొంతు పెంచి ఎరగడు. ఎండాకాలం మొదట్లో ఆమె నడుం నొప్పి అంటే, ఆమె అడగకుండానే బండి సీటు విప్పి, మెత్తటి స్పాంజి వేసి, కొత్త తొడుగు కుట్టి బిగించాడు.

ఈ పూట బండి చప్పుడు చెయ్యలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. దాహంగా ఉంది, తాగేసింది.

"బ్యాటరీ మళ్ళీ పోయిందండీ."

గ్లాసు అందుకోబోయిన ఆయన చెయ్యి కాస్త ఆగింది. "పూర్తిగానా?"

"లైట్లు వెలుగుతాయి, ఇంజను లేవదు."

"అన్నిటికన్నా మంచిది వేయిద్దాం ఈసారి. పెద్దది. నేనే తీసుకెళ్తాలే, నీకెందుకు తిప్పలు."

"మీకు బావగారి బస్సుల సీట్ల పని నెత్తిమీదుంది కదా. నేనే వెళ్తాను, పిన్ని కొట్టుకి."

ఆయన బండివంక ఓసారి చూశాడు. "సరే. పూచీ ఎక్కువ ఉన్నది చూసి తీసుకో. బండి ఎక్కడా ఆగకూడదు. నువ్వు దారిలో ఆగిపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు." అంటూ ఆమె మెడ మీది చెమట తువ్వాలుతో తుడిచాడు.

మర్నాడు పొద్దున పక్కింటివాళ్ళ చేత తోయించుకుని పిన్ని కొట్టుకి వెళ్ళింది. బ్యాటరీల పిన్ని ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, ఊరందరికీ పిన్నే. మొగుడు పోయాక కొట్టు ఎత్తేస్తుందనుకున్నారు, ఎత్తలేదు. చీర మీద మందపాటి తోలు ఏప్రన్ కట్టుకుంటుంది. దాని నిండా ఆసిడ్ చుక్కలు పడి జల్లెడలా చిల్లులు. కొట్టు వెనక గోడ పొడుగునా ఛార్జింగు బల్ల. దాని మీద వరసగా బ్యాటరీలు తీగలు తగిలించుకుని, వినీవినపడనట్టు సన్నగా బుడబుడలాడుతూ ఉంటాయి. అక్కడ ఎవరూ లేనప్పుడు కూచుంటే పక్కగదిలో చాలామంది గుసగుసలాడుతున్నట్టుంటుంది.

"ఏది మంచిది పిన్నీ? అన్నిటికన్నా పెద్దది ఇమ్మన్నారు మా ఆయన."

"మీ ఆయన్ని సీట్లు కుట్టుకోమను. పెద్దది నీ బండి తొట్టెలో పట్టదు. పట్టించినా నీ ఇంజను దాన్ని నింపలేదు." పిన్ని గూట్లోంచి ఒక బ్యాటరీ దించి, తల్లకిందులు చేసి, అడుగున అచ్చువేసిన అంకెలు వేలితో చూపించింది. "ముందు ఇది చూడాలి, ఎప్పుడు పుట్టిందీ అని. కొట్లో ఊరికే పడున్నా ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. రంగు చూసి, బొమ్మ చూసి కొనేవాళ్ళకి ఏళ్ళతరబడి గూట్లో మగ్గినవి అంటగడతారు. తర్వాత బరువు చూడాలి. ఎత్తి చూడు. తేలిగ్గా ఉందంటే లోపల సీసం నొక్కేశారని లెక్క. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యం, మొదటిసారి నెమ్మదిగా నింపాలి. పెట్టె విప్పి సరాసరి బండిలో పడేసేవాళ్ళున్నారు. వచ్చిన రోజే కోడలి చేత బండెడు బట్టలు ఉతికించినట్టు. ఇంక అది జన్మలో కోలుకోదు."

అన్నీ చెప్పింది కానీ అమ్మలేదు. పాతదాన్ని బండిలోంచి తీసి, ముల్లున్న మీటరు తగిలించి, కాసేపు కరెంటు లాగించి చూసింది. మళ్ళీ చూసింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"ఇది చచ్చింది కాదే పిల్లా. ఆకలితో పడుంది. నిండా పెడితే లేచి కూచుంటుంది. రాత్రిపూట లైటు వదిలేస్తున్నావా?"

"లేదు పిన్నీ."

"తాళం చెవి బండికే ఉంచేస్తున్నావా?"

"నా మెళ్ళోనే ఉంటుంది, చూడు."

"మరి ఎక్కడికి పోతోంది?" అంది పిన్ని, ఆమెను కాదు, బ్యాటరీనే అడుగుతున్నట్టు. "ఇది ఇక్కడ వదిలెయ్. నాదొకటి అప్పుగా ఇస్తాను. చిన్నదే గానీ గట్టిపిండం. ఇదీ పడుకుందంటే జబ్బు బ్యాటరీకి కాదు, నీ బండికి."

అరువు బ్యాటరీతో బండి మొదటి నొక్కుకే లేచింది. ఆ ఉత్సాహంలో, మధ్యాహ్నం విరామంలో, అక్కను చూడటానికి వెళ్ళింది.

అక్క ఉండేది ఒక రొట్టెల బట్టీ వెనక, గోడలెప్పుడూ గోరువెచ్చగా ఉండే చిన్న గదిలో. పగలంతా బట్టీలోనే రొట్టెలకి కాగితాలు చుడుతుంది. బావను వదిలి వచ్చేశాక ఇది మూడో గది. మొదటి గది సంగతి సూదమ్మకి తప్ప పురుగుకి కూడా తెలియదు. అయినా బావ వచ్చాడు. రెండో గది ఊరికి ఆ చివర. అక్కడికీ వచ్చాడు. వచ్చి తిట్టడు, తలుపు బాదడు. ఎదురుగా, వీధికి ఆ పక్క, చేతులు కట్టుకుని నిలబడి కిటికీవంక చూస్తాడు. పొద్దున వచ్చి సాయంత్రందాకా అలా నిలబడతాడు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కోసం" అని ఎంతో మర్యాదగా చెప్తాడు. నాలుగు బస్సుల యజమాని అలా ఎండలో నిలబడితే చూసేవాళ్ళకి ఆయన మీదే జాలి. ఇంటివాళ్ళు రెండ్రోజులు చూసి, మాకెందుకమ్మా ఈ గొడవ అని గది ఖాళీ చెయ్యమంటారు. ఆ కట్టుకున్న చేతుల వేళ్ళకి ఉంగరాలున్నాయనీ, వాటి అచ్చులు అక్క దవడ మీద ఇంకా ఉన్నాయనీ వాళ్ళకేం తెలుసు?

అక్క తలుపు ఓరగా తీసి, వీధంతా చూసి, లోపలికి లాగింది.

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ లేరక్కా. భయపడకు. ఈసారి కనిపెట్టలేడు."

"మీ ఆయనకి చెప్పలేదుగా?"

"నువ్వొద్దన్నాక చెప్తానా? ఆయనా అడగరు. నీ ఊసే ఎత్తరు పాపం, నేను బాధపడతానని."

అక్క మెత్తబడింది. మొహం కాస్త తేటపడి ఉంది. రాత్రుళ్ళు నిద్రపడుతోందట. బట్టీ యజమానురాలు మంచిదట. ఎందుకే ఇంత ఎండిపోయావ్ అని చెల్లెల్ని తిట్టి, వేడి రొట్టె ముక్క నోట్లో కుక్కింది. బండి బట్టీ గోడ పక్కన నీడలో నిలబడి ఉంది.

మర్నాడు లాబుకి సెలవు. బండి ఇంట్లోనే ఉంది. సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అక్క గొంతు అంత సన్నగా ఎప్పుడూ లేదు.

"వచ్చాడే."

సూదమ్మ లేచి వీధి తలుపు దగ్గరకు వేసింది.

"పొద్దుట్నించీ ఎదురుగానే. నవ్వుతున్నాడు కూడా. నువ్వొచ్చిన మర్నాడే వస్తాడు. మొదటి గదికీ అంతే, రెండో గదికీ అంతే. అప్పుడు నేను అనలేదు. ఇప్పుడడుగుతున్నాను. చెప్పవే, చెప్పావా?"

"అక్కా, నా ప్రాణం మీద ఒట్టు..."

"పోనీ నీకు తెలీకుండా ఎవరి దగ్గరైనా జారావా? నిద్రలో మాట్లాడతావా? వాడికేమైనా కల వస్తోందా మరి?" అక్క ఏడవలేదు, అదే భయంగా ఉంది. "యజమానురాలు రెండ్రోజులు గడువిచ్చింది. ఈసారి ఎక్కడికి వెళ్తానో నీకు చెప్పను. నువ్వింక రాకు చిన్నీ. నన్ను కాపాడాలని ఉంటే రాకు."

అక్క ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూచుంది. తోడబుట్టినదానికి ఉన్నది తనొక్కతే. ఆ ఒక్కతీ వస్తే చాలు, వెనకాలే చావు వస్తోంది. తన నీడలో ఏముంది? అద్దంలో మొహం చూసుకోవాలంటే ఒళ్ళు జలదరించింది. భర్త వచ్చి పక్కన కూచుని, ఏమైందని అడక్కుండా, తల నిమిరాడు. ఆ చెయ్యి మీద తల వాల్చి ఏడ్చింది. ఏం మొగుడో, అడక్కుండానే అర్థం చేసుకుంటాడు అనుకుంది.

మర్నాడు పొద్దున బండి మీట నొక్కింది. "టిక్" మంది.

ఒక రోజంతా కదలకుండా, తాళం చెవి తీసేసి, వరండాలో నిలబడి ఉన్న బండి. పిన్ని గట్టిపిండం అని ఇచ్చిన బ్యాటరీ.

పిన్ని ఈసారి హాస్యాలాడలేదు. బండిని లోపలికి తోయించి, షట్టరు సగం దించింది. కొత్తగా నింపిన బ్యాటరీ ఒకటి తొట్టెలో పెట్టి, నల్లతీగ బిగించకుండా, ఆ తీగకీ బ్యాటరీ టెర్మినలుకీ మధ్య ఒక చిన్న బల్బు తగిలించింది.

"తాళం చెవి నీ చేతిలో పట్టుకో. గట్టిగా పట్టుకో. బండి నిద్రపోతోందన్నమాట. నిద్రపోయే బండి ఏమీ తాగదు. బల్బు వెలగకూడదు."

బల్బు వెలిగింది. మసగ్గా, ఎర్రగా, ఆరిపోబోయే నిప్పుకణికలా.

వెనక బల్ల మీద బ్యాటరీలు గుసగుసలాడుతున్నాయి. పిన్ని హారను తీగ ఊడదీసింది. బల్బు అలాగే ఉంది. లైట్ల ఫ్యూజు పీకింది. అలాగే ఉంది. ఉన్న ఫ్యూజులన్నీ పీకి ఏప్రన్ జేబులో వేసుకుంది. బండిలో వెలగాల్సినవీ మోగాల్సినవీ ఏవీ ఇప్పుడు బతికి లేవు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఇందులో ఇంకెవరో ఉన్నారే," అంది పిన్ని నెమ్మదిగా.

ఎర్రతీగ మీది రబ్బరు తొడుగును గోటితో వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఒకచోట గోరు ఆగింది. తొడుగు లోపల, అసలు తీగను పట్టుకుని, సన్నటి నల్లతీగ ఒకటి పైకి పాకుతోంది. అతికించిన చోట టేపు లేదు, మర లేదు. మైనం పూసిన దారంతో, వరస తప్పకుండా, ఒత్తుగా చుట్టి కట్టి ఉంది.

"ఇదేం పనే? కరెంటు పని తెలిసినవాడెవడూ తీగను దారంతో కట్టడు. ఎవడో మెత్తలు కుట్టేవాడు..."

పిన్ని ఆ మాట పూర్తి చెయ్యలేదు. సూదమ్మ అప్పటికే వంగి ఆ దారాన్ని వేలితో తడుముతోంది. ఆ కట్టు ఆమెకు తెలుసు. కుర్చీ అంచుకి తాడు బిగించేటప్పుడు, బస్సు సీటు మూల తిప్పేటప్పుడు, నోట్లో దారం తడిపి, ఆ వేళ్ళు ఎలా తిరుగుతాయో ఆమె ఎన్ని సాయంత్రాలు పక్కన కూచుని ముచ్చటగా చూసిందో.

పిన్ని సీటు మరలు విప్పి ఎత్తింది. సీటు లేచింది కానీ పూర్తిగా రాలేదు. ఆ నల్లతీగ దాన్ని పట్టుకుని ఉంది. సీటు అడుగున చిన్న రంధ్రంలోంచి తీగ లోపలికి పోయింది. టార్చి వేసి చూస్తే, స్పాంజిని ఎంతో నేర్పుగా, అంగుళం కూడా వృథా కాకుండా తొలిచి చేసిన గూట్లో, అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. దాని కంట్లో పచ్చటి చుక్క వెలిగింది, ఆరింది. వెలిగింది, ఆరింది. నడుం నొప్పి అంటే వేసిన మెత్త అది. ఇన్నాళ్ళూ తను దాని మీదే కూచుంది.

"దారి చూపే డబ్బా," అంది పిన్ని. "లారీలకి పెడతారు దొంగలెత్తుకుపోకుండా. బండి ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో ఫోనులో చూసుకోవచ్చు. తెలిసినవాడైతే తాళం చెవి తీస్తే అదీ పడుకునేలా పెడతాడు. మీ ఆయన సరాసరి బ్యాటరీకే కట్టి పాలసీసా నోటికిచ్చేశాడు. అందుకే అది నీ బ్యాటరీలు తాగేస్తోంది."

ఎప్పుడొచ్చినా ఆవిరి లేస్తూ ఉండే ఆ టీ గుర్తొచ్చింది ఆమెకు. బండిని చప్పుడు లేకుండా తోసుకొచ్చిన రోజు కూడా అది వేడిగానే ఉంది. పాముచెవులట!

"కత్తిరించెయ్యనా?" అని పిన్ని కటింగుప్లయరు తీసింది.

"ఆగు పిన్నీ." ప్లయరుకి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయనకి భయం ఎక్కువ. నేను రోడ్ల మీద తిరుగుతానని దిగులు. అందుకే పెట్టుంటారు. మనిషి చెడ్డవాడు కాదు."

"కాకపోవచ్చు. మరి మీ బావకి చెప్పేదెవరు?"

"అదే... అది ఆయన కాకపోవచ్చు కదా."

పిన్ని ఆమెవంక చూసింది. ఆ చూపులో జాలి ఉంది, విసుగూ ఉంది. "తెలుసుకోవాలని ఉందా, తెలుసుకోకూడదని ఉందా?"

ఆ రోజే అక్కను అక్కణ్ణుంచి తప్పించారు. బండి పిన్ని కొట్లోనే, ఛార్జింగులో ఉన్నట్టు నిలబడి ఉంది. సూదమ్మ సిటీబస్సెక్కి వెళ్ళింది. బావ వీధికి అటుపక్క గోడకానుకుని ఉన్నాడు. ఆమె బట్టీ ముందు గుమ్మంలోంచి రొట్టెలు కొనే జనంతో కలిసి లోపలికి వెళ్ళింది. తను రావద్దన్న చెల్లెలు కళ్ళముందు నిలబడేసరికి అక్క మొహం పాలిపోయింది. సంగతి విన్నాక చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి, వెర్రిదానిలా నవ్వింది. "సీట్లోనా? మా బంగారు మరిదేనా? నేను నిన్ను అనుమానించానే తల్లీ," అని ఆ నవ్వులోంచే ఏడ్చింది. బట్టీ వెనక తలుపు దగ్గర రొట్టెలు మోసే వ్యాను ఎక్కి ఇద్దరూ బయటపడ్డారు. బావ కిటికీవంకే చూస్తూ నిలబడి ఉన్నాడు. అక్క ఆ సాయంత్రానికి పిన్ని ఇంటి మేడమీద ఉంది.

పిన్నికి ఊరి ఇంకో కొసన పాత షెడ్డు ఒకటి ఉంది. చచ్చిన బ్యాటరీల తుక్కు పోసుకునే చోటు. అక్క ఆ ఛాయలకి ఎన్నడూ వెళ్ళలేదు. వెళ్తుందని అనుకునే మనిషి కూడా భూమ్మీద లేడు. ఆ షెడ్డు సంగతి ఇప్పుడు చెప్పాల్సింది ఒక్కరికే, సీటు కింది డబ్బాకి.

"ఇప్పుడు ఇవ్వు పిన్నీ బ్యాటరీ," అంది సూదమ్మ. "నీ దగ్గర ఉన్నవాటిలో నమ్మకమైనది. నేను లేకపోయినా, బండి కదలకపోయినా, రోజుల తరబడి ఆరిపోకుండా ఉండాలి."

జనం బండి కోసం మంచి బ్యాటరీ కొంటారు. పిన్ని ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరం చూడలేదు. అయినా అచ్చులు చూసి, ఎత్తి బరువు చూసి, నాలుగు పక్కన పెట్టి అయిదోది తీసింది. రాత్రంతా నెమ్మదిగా నింపింది. పొద్దున ఫ్యూజులన్నీ తిరిగి పెట్టి, సీటు బిగించి, మైనపు దారపు కట్టు మీదికి రబ్బరు తొడుగు యథాప్రకారం జరిపింది.

ఆ రాత్రి ఇంట్లో భర్త అడిగాడు, "మంచిదే ఇచ్చిందా పిన్ని?"

"ఇంతకన్నా నమ్మకమైనది లేదందండీ."

"హమ్మయ్య," అన్నాడు ఆయన. మనసారా అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుని, వరండాలో నిలబడి ఉన్న బండి గురించి ఆలోచించింది. ఇంటిల్లిపాదీ పడుకున్నా అది పడుకోదు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు ముందు బండి నిలిపి, తాళం చెవి మెళ్ళో వేసుకుని, షట్టరు కింద తాళం వేసి ఉందని చూసుకుని, ఐసుపెట్టె భుజానికి తగిలించుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళింది. ఆ మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడే నిలిపింది. ఇళ్ళకి నడిచీ, బస్సుల్లోనూ తిరిగింది. ఆ పూట ఒకావిడకి నరం దొరక్క రెండుసార్లు గుచ్చాల్సివచ్చింది. ఆమె చేతికి అలా ఎప్పుడూ జరగలేదు. రాకూడదు, రాకూడదు, ఎవరూ రాకూడదు అని మనసులో జపం. బావ అక్కడికి రాకపోతే చాలు. డబ్బాను క్షమించేస్తుంది. సీటును క్షమించేస్తుంది. రోజూ టీ తాగుతుంది.

మధ్యాహ్నం బస్సు షెడ్డు ముందునుంచి పోతుంటే కిటికీలోంచి చూసింది.

మూసిన షట్టరుకి ఎదురుగా, వీధికి ఆ పక్క, చేతులు కట్టుకుని బావ నిలబడి ఉన్నాడు. లోపల తుక్కు తప్ప ఏమీ లేని షెడ్డువంక, ప్రేమగా, ఓపిగ్గా చూస్తున్నాడు. మధ్యమధ్య ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. బస్సు ఆయన ముందునుంచే వెళ్ళింది. ఆయన తల తిప్పలేదు. ఆయనకి కావలసిన బండి ఎదురుగానే ఉంది మరి.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా అప్పుడే రాలేదు. ఇన్నేళ్ళూ తను కాపురం చేసిన ఇంటి గోడలు ఒక్కొక్కటీ లేచి వెళ్ళిపోతున్నట్టు, అంతా బయలైపోయినట్టు అనిపించింది. భర్త కొట్టు దగ్గర దిగింది.

కొట్లో బావ బస్సుల సీట్లు వరసలుగా పేర్చి ఉన్నాయి, కొత్త తొడుగులతో, ఎవరూ కూచోకుండా. వాటి మధ్య ఆయన వీపు గుమ్మంవైపు పెట్టి మిషను ముందు కూచున్నాడు. మిషను ఆగి ఉంది. చేతిలో ఫోను, దాని మీద పటం. ఆమె చెప్పులు గుమ్మంలోనే విడిచింది. ఆయనకి వినపడలేదు. పాముచెవులు ఎటు పోయాయో!

"లేదన్నయ్యా, కదల్లేదు," అంటున్నాడు. "పొద్దుట్నించీ అక్కడే ఉంది. తాళం వేసున్నా లోపలే ఉంటారు. కాస్త ఓపిక పట్టండి, బయటికి రాక ఎక్కడికి పోతారు?"

ఆ గొంతు మెత్తగా ఉంది. ఆమెకు జ్వరం వస్తే పక్కన కూచుని మాట్లాడే గొంతు అది.

"నేనిక్కడున్నానండీ," అంది ఆమె.

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు. ఫోనులో పటం చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. రెండిట్లో ఏది నిజమో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అవతల బావ "హలో, హలో, ఏమైంది?" అంటున్నాడు. ఆయన ఫోనును మిషను బల్ల మీద బోర్లా పెట్టాడు. బల్లకి నోరు ఒత్తుకున్నా ఆ గొంతు సన్నగా వినపడుతూనే ఉంది.

"ఒంటరిగా తిరుగుతావు కదా అని... నీ మంచికే..."

"మీ అన్నయ్యగారికి చెప్పింది కూడా నా మంచికేనా?"

"ఆయన మారాడు. నా ముందు కూచుని పసివాడిలా ఏడ్చాడు. ఒక్కసారి ఎదురుపడి మాట్లాడుకుంటే కాపురం నిలబడుతుందని... నేనెవరిమీదా చెయ్యి చేసుకోలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఎక్కడుందో చెప్పాను, అంతేగా?" పక్కనున్న సీటు మీది దారపు పోగులు అరచేత్తో దులిపాడు. "ఎండనపడి వచ్చావు. ముందు కూచో."

ఆమె ఆ సీటువంక చూసింది. కొట్టునిండా ఉన్న సీట్లవంక చూసింది. అన్నీ మెత్తగా, నిండుగా, కుట్టు తెలియకుండా ఉన్నాయి. ఎక్కడా కూచోవాలనిపించలేదు.

ఆయన లేచి దగ్గరకొచ్చాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా, ఎప్పటిలాగే ఎంతో నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ అక్క ఎక్కడుంది?"

ఆమె నిటారుగా నిలబడింది.

"నాకు తెలుసు," అంది.

ఆయన మిగతా మాట కోసం ఎదురుచూశాడు. ఆమె ఐసుపెట్టె భుజం మీదికి ఎగదోసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగింది. ఆయన గుమ్మందాకా వచ్చేసరికి వీధినిండా జనం. వాళ్ళలో ఆమె ఏ పక్కకి తిరిగిందో ఆయనకి తెలియలేదు.